నాము లేని బస్తాలు

ధర్మాబాద్ స్టేషన్‌లో నిజామాబాద్ ప్యాసింజర్ ఇంకా కదలలేదు. విలాస్ మెట్టు మీద కాలు పెట్టేసరికే అతని చావు ఆ పెట్టెలోకి ఎక్కి కూర్చుంది.

అతని చేతిలో నీలం రంగు ఐస్ డబ్బా. డబ్బాలో వేలెడు పొడవు జొన్న ఆకులు. నాలుగు ఆకుల కోసం ఒక విదేశీ ముఠా మనిషిని చంపుతుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ సాయంత్రం ప్లాట్‌ఫాం మీద నవ్వలేని మనిషి ఒకతే ఉంది. జామపండ్ల గంప ముందు కూర్చున్న ఆడమనిషి. చెంపల దగ్గర నెరిసిన జుట్టు, వెలిసిన నేత చీర, గంప అడుగున పిస్టల్. పేరు గోదావరి. స్పెషల్ వింగ్ ఏజెంట్. విలాస్ భార్య.

ఆర్డర్లు స్పష్టం. విలాస్ కొరియర్. గోదావరి కవర్. ఒకరినొకరు ఎరగరు. ఏం జరిగినా ఎరగరు. వింగ్ మనుషుల్లో ముఠా ఇంకా చూడని ముఖం ఆమెది ఒక్కటే. ఆ ముఖాన్ని ఖర్చు పెట్టుకోవడానికి వీల్లేదు.

విలాస్ ఆమె ముందునుంచే నడిచి వెళ్లాడు. తల తిప్పలేదు. మంచి ఏజెంట్. ఒక్కసారి చెడ్డ ఏజెంట్ అయితే ఏం పోయేదని ఆమె ఆ తరువాత ఎన్నిసార్లు అనుకుందో!

తలుపు దగ్గర ముసుగు కప్పుకున్న ఒకామె తూలి అతని మీద పడింది. తప్పయిందన్నట్టు చేతులు జోడించింది. అతను ఏదో అన్నాడు, లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు. ముసుగు మనిషి దిగి జనంలో కలిసిపోయింది. గార్డు విజిల్ వేశాడు.

బండి కదిలింది. ఆ కిటికీ గోదావరి ముందునుంచి మెల్లగా జరిగిపోయింది. విలాస్ తల చువ్వలకు ఆనుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లో ఐస్ డబ్బా లేదు.

ఆమెకు అర్థమైంది. చుట్టూ ఎవరు చూస్తున్నారో, ఏ స్తంభం వెనక ఎవరున్నారో తెలియదు. ఆమె నోరు తెరిచింది.

"జామపండ్లు! తియ్యటి జామపండ్లు!"

గొంతు పగిలేలా అరిచింది. ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా అరుస్తూనే ఉంది. కట్టుకున్నవాడు పోతుంటే ఆడది ఎలా ఏడవాలో అలాగే ఏడ్చింది. మాటలే వేరు.

*

నాందేడ్, వజీరాబాద్. పశువుల దాణా దుకాణం వెనక గది. బయట తవుడు బస్తాలు, లోపల స్పెషల్ వింగ్. చీఫ్ ఉమాకాంత్ దెగ్లూర్ దిక్కు మనిషి. వయసులో గోదావరికన్నా చిన్నవాడు. పదవిలో పెద్దవాడైనా అక్కా అనే పిలుస్తాడు.

"ఏడ్చినవా గోదక్కా?"

"లేదు సార్."

"ఏడువు. నేను బైటికి పోత."

"పని చెప్పుండ్రి."

ఉమాకాంత్ లైటు ఆర్పాడు. గోడ మీద ఒక ఫొటో పడింది. నల్లని పలక, దాని మీద అక్కడక్కడ తెల్లని అడ్డగీతలు.

"డీఎన్‌ఏ జెల్. ఎడమ దిక్కు మంజీర, మన చారా జొన్న, పశువుల మేతకేసేది. కుడి దిక్కు వాళ్లది. కోడ్ నేమ్ సైరన్. రెంటి గింజ ఒక్క తీరుంటది, మొక్క ఒక్క తీరుంటది, కంకి గూడ అంతే. అన్నదమ్ములు ఎంత ఒక్క పోలికున్నా వేలిముద్రలు వేరే ఉంటయి గద, గట్ల. డీఎన్‌ఏల కొన్ని జాగల్ని పట్టి చూస్తరు. గా జాగల్నే మార్కర్లంటరు. గక్కడ గీత పడే తీరు ఒక్కో రకానికి ఒక్కో తీరు. కండ్లతోటి చూసి చెప్పేది కాదిది."

"ఫరక్ ఏందంటరు? విత్తేటోనికి?"

"విత్తేటోనికి లేదు. మేసేదానికి ఉన్నది."

"నాము," అంది గోదావరి.

వానలేక వాడిన లేత జొన్న మేసిన గొడ్డుకు నాము తగులుతుంది. నోట నురగ, నాలుగు కాళ్ల తన్నులాట, అంతే. గోదావరి పుట్టిన మర్ఖేల్ కూలివాడలో పిల్లలకు మాటలు వచ్చాక కుక్కనూ బావినీ చూపించి భయం చెబుతారు. ఆ తరువాత చెప్పేది నాము గురించే. సొంత గొడ్డు లేని ఇళ్లవి. పరుల గొడ్డు చస్తే కట్టలేరు కనుక భయం ఇంకా ఎక్కువ.

"ఔ, నాము. మంజీరల అది లేకుంట చేసిండ్రు మన సైంటిస్టులు. సైరన్‌ల అది కోత దాకా దిగదు. కోసి ఎండవెట్టినా దిగదు. ఈసారి వాన మొకం చాటేసింది. సర్కారు జిల్లాలన్నిటికీ చారా విత్తనం పంచుతున్నది. ఎల్లుండి ధర్మాబాద్ మాల్‌ధక్కాకెళ్లి గూడ్స్ రేక్ బయిలెల్లుతది. బస్తాల మీద మంజీర అని ఛాపా ఉన్నది. లోపట ఏమున్నదో దేవునికెర్క."

"పశువులు చస్తే వాళ్లకేం లాభం?"

"పాలు. పాలపొడి ఓడలు ఇప్పుడే అచ్చి ముంబై రేవుల నిలవడ్డయి. ముఠా బాస్ దేశంగానిదేశపోడు. వానికి మనం పెట్టిన పేరు గవళి."

మరాఠీలో గవళి అంటే పాలవాడు. గోదావరి నవ్వలేదు.

"మన డీఎన్‌ఏ ల్యాబ్ ఏమంటది?"

"అన్నీ మంజీరే అంటది. విలాస్‌కు అనుమానం అచ్చింది. బస్తాలకెళ్లి గింజలు తీసి మొలకేసి, ఆకుల్ని హైద్రాబాద్‌ల వేరే ల్యాబ్‌కు పట్కపోతుండె. తలుపు కాడ విషం సూది గుచ్చిండ్రు, లోపట ఇంకొకడు డబ్బా ఎత్కపోయిండు. తర్వాత సంగతి నీకెర్కే."

ఉమాకాంత్ బల్ల మీద స్టీలు టిఫిన్ క్యారియర్ పెట్టాడు. "కింది గిన్నెల గింజ నూరు. నడిమి గిన్నె వేడెక్కి మార్కర్‌కు కాపీలు తీస్తది. పైగిన్నెల పట్టీ ఉన్నది. ఒక గీత అస్తే మంజీర. రెండు గీతలస్తే సైరన్."

"మరి పచ్చడి ఏడ పెట్టాలె?"

"విలాస్ గూడ గదే అడిగిండు అక్కా."

గోదావరి గిన్నెలు బిగించి క్యారియర్ దగ్గరికి జరుపుకుంది. ఆ తరువాత తల ఎత్తింది. ఆ కళ్లు చూసి చీఫ్ లైటు వేయడం మరిచిపోయాడు.

"గవళి మీకు సార్. రేక్ మీకు. నా మొగణ్ణి సంపిన చెయ్యి నాకు."

"చట్టం ఉన్నదక్కా."

"ఉండనియ్యి. మొదలు నేను కలుస్త, తర్వాత చట్టం కలుస్తది. ఆ బండి సంగతి ఎవలెవలికి ఎర్క?"

"నాకు, నీకు. ఐస్ డబ్బా ప్యాక్ చేసిన ల్యాబ్‌కు."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనక మనిషి. పట్టు కుర్తా, నల్ల కళ్లద్దాలు, చెవులకు ముత్యాలు. డాక్టర్ రూపాలి. నాందేడ్‌లో మూడు తరాల తెలుగు వ్యాపార కుటుంబం ఆడపిల్ల. డీఎన్‌ఏ ల్యాబ్ హెడ్. ముఠాకు అమ్ముడుపోయినట్టు నటిస్తూ వాళ్ల కబుర్లు వింగ్‌కు మోస్తున్న డబుల్ ఏజెంట్. ఏ వైపు నటన, ఏ వైపు నిజం అన్నది మాత్రం ఎవరూ ఏ మార్కరూ పెట్టి చూడలేదు.

"వహినీ," అని మరాఠీలో వదిన వరస కలుపుతూ గోదావరి చేతులు పట్టుకుంది. "ఏమని చెప్పాలె నేను? పోలీసోళ్ల దగ్గెర అడిగి తెచ్చిన. ఇది మీ దగ్గెర్నే ఉండాలె."

విలాస్ చేతిగడియారం. తోలుపట్టీలో ఇంకా అతని మణికట్టు వంపు అలాగే ఉంది. రూపాలి తానే దాన్ని గోదావరి చేతికి కట్టింది. అప్పుడు, ఆ పరాయి ముంజేతి మీద సెంటు వాసన మధ్య, గోదావరి మొదటిసారి నిజంగా ఏడ్చింది.

*

మర్నాడు ధర్మాబాద్ స్టేషన్ సరుకుల షెడ్డు, మాల్‌ధక్కాలో ఒక కొత్త ఊడ్పు మనిషి చేరింది. చేతిలో చీపురు, చంకలో టిఫిన్ క్యారియర్. హమాలీల పెద్ద, ముకాదమ్ శివన్నది మర్ఖేలే. వరసకు మామ అవుతాడు. విషయం తెలిసినవాడు అతనొక్కడే.

షెడ్డు నిండా బస్తాలు. గోడలా పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తా మీద ఎర్రటి మంజీర ఛాపా. గోదావరి ఊడుస్తూ ఊడుస్తూ ముందు వరసలో ఒక బస్తాకు సన్నటి గొట్టం గుచ్చింది. నాలుగు గింజలు రాలాయి. మూలన కూర్చుని నూరింది, గిన్నె మూత బిగించింది.

"ఏం కోడలా, ఇంతసేపు ఉడుకుతున్నదా? ఏం వండినవు?" శివన్న పదిమందికీ వినబడేలా అడిగాడు.

"నీ దినాల పప్పు మామా. జర గట్టిది, ఉడుకుత లేదు."

హమాలీలు విరగబడి నవ్వారు. ఆ నవ్వు చాటున గోదావరి పైగిన్నె మూత తీసింది. ఒక గీత. మంజీర.

ఇంకో చోట ముందు వరసే. ఒక గీత. అప్పుడు శివన్న బస్తాలు సర్దుతున్నట్టు చేసి వెనక వరసకు దారి ఇచ్చాడు. అక్కడ గొట్టం గుచ్చింది. రెండు గీతలు. మరో మూల నుంచి తీసింది. రెండు గీతలు. ఇంకా లోపలికి పోయినకొద్దీ రెండేసి గీతలే. తనిఖీకి వచ్చేవాడి చెయ్యి అందేంత మేర మంజీర. చెయ్యి అందని చోటంతా చావు.

ఎన్ని కొట్టాలకు పోతుంది ఈ చావు? ఎవరి గేదె, ఎవరి ఒక్కగానొక్క ఆవు? దగ్గరికి రమ్మని శివన్నకు సైగ చేసింది.

"మామా, సన్నగ ఇను. నాము లేని బస్తాలు వేరుగ పెట్టియ్యి. రేపు పెద్దసార్ అచ్చినప్పుడు గవ్వే మనకు సాక్ష్యం. అటు గవి, ఇటు గివి. పక్కపక్కకు పెట్టి చూపెడదాం."

"మంచిది బిడ్డా. పొద్దుగూకే వరకు సర్ది పెడ్త."

ఆమె మణికట్టు మీద విలాస్ గడియారం మెల్లగా టిక్కు టిక్కుమంటూనే ఉంది.

*

పొద్దున ఆమె వచ్చేసరికి శివన్న నెత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"దొంగలు వడ్డరు కోడలా!"

గోదావరి షెడ్డులోకి తొంగి చూసింది. "సాక్ష్యం బస్తాలేనా?"

"గవి బరాబర్ ఉన్నయి. మూలకు పడి ఉండె సూడు, ఛాపా లేనియి, గవి పోయినయి. మిర్చి మిల్లోళ్లవి. మిరప గింజలు! ఎవడన్న దొంగతనం చేసే మాలేనా అది? మొకాలకు గుడ్డలు కట్టుకోని అచ్చి చౌకీదారును కట్టేసిండ్రట. 'నామ్ లేని బస్తాలు ఏవిరా?' అని అడిగి, ఏరుకోని మరీ పోయిండ్రట!"

గోదావరి ఆ మాట మళ్లీ ఒకసారి లోపల అనుకుంది. నామ్ లేని బస్తాలు.

నిన్న తను అన్నది నాము లేని బస్తాలని. విన్నవాళ్లకు నామ్ లేని, అంటే పేరు లేని బస్తాలని వినబడింది. అంటే తన మాట ఎవరో విన్నారు. అది మొదటి సంగతి. రెండోది ఇంకా పెద్దది. మర్ఖేల్ మనిషికి ఆ మాట అలా వినబడదు. దెగ్లూర్ మనిషికీ వినబడదు. నిద్రలో లేపి అడిగినా నాము అంటే గొడ్డు చావే. గవళికి తెలుగే రాదు. విన్నవాళ్లకు తెలుగు రావాలి. పలుపు పట్టి ఎరగని ఇల్లయి ఉండాలి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆ తెలుగులో బంగారం, పప్పుల ధర, పెళ్లి సంబంధాలు ఉంటాయి. గొడ్డు చచ్చే మాటలు ఉండవు. చదువుకున్న పుస్తకాల్లో దానికి ఇంగ్లీషు పేరు. మరాఠీ బడిలో కిరాళ్. నాము ఎక్కడా తగల్లేదు.

సెంటు వాసన వచ్చినట్టయింది. గోదావరి తన మణికట్టు వైపు చూసుకుంది. తరువాత తల ఎత్తి స్టేషన్ గడియారం చూసింది.

రెండూ ఒకటే టైము చూపిస్తున్నాయి.

బండి తప్పిపోతుందన్న భయంతో విలాస్ తన గడియారాన్ని ఎప్పుడూ ముందుకు తిప్పి ఉంచుకునేవాడు. అది సరైన టైము చూపించిన రోజు ఆమె కాపురంలో లేదు. ఎవరో దాన్ని విప్పారు. లోపల వినే చెవి ఒకటి దాచి, మళ్లీ బిగించేటప్పుడు, పాపం, బుద్ధిగా టైము సరిచేసి పెట్టారు.

గడియారం విప్పి గుడ్డలో చుట్టి శివన్న ఒళ్లో పెట్టింది. నోటి మీద వేలు పెట్టి చూపించింది. షెడ్డు దాటి నీళ్ల కుళాయి దగ్గరికి పోయి ఫోన్ తీసింది.

"సార్, రూపాలి."

చీఫ్ వెంటనే నమ్మలేదు. "సాక్ష్యం?"

"ఒక్క మాట." చెప్పింది.

"నాముకు, నామ్‌కు..." ఉమాకాంత్ నిట్టూర్చాడు. "నేనైతే గీ తప్పు చెయ్యకపోదును అక్కా. నువ్వు చెప్పింది నాకు సమజైంది. పైవాళ్లకు చెప్తే నవ్వుతరు. ఒక్క మాట మీద సర్కారు రేక్ ఎవడు ఆపుతడు? నీ క్యారియర్ పట్టీ అనుమానానికి సాలుతది, కాయితం మీద నిలవడది. ల్యాబ్‌ల తీసిన అసలు జెల్ ఫొటోలు కావాలె. గవి ఆమె దగ్గెర్నే ఉంటయి. మధ్యాహ్నానికి బండి పోతది. నేను ధర్మాబాదే అస్తున్న... ఆగు, ఆగు. కంట్రోల్ రూమ్‌కెళ్లి ఏదో..."

ఎవరితోనో మాట్లాడి మళ్లీ లైన్‌లోకి వచ్చాడు. "నాయ్‌గావ్‌ల మూతవడ్డ జిన్నింగ్ మిల్లు. అండ్లకెళ్లి పొగ అస్తున్నది. సుట్టుపక్కలోళ్లంత దగ్గుకుంట రోడ్డు మీద వడ్డరట. కండ్లు తెరుస్త లేరట. ఏం గ్యాసో ఏమో అంటున్నరు."

విలాస్ పోయాక గోదావరి మొదటిసారి నవ్వింది. "గ్యాస్ కాదు సార్. మన సాక్ష్యం కాలవెడుతున్నరు. మిరప గింజలు!"

"అంటే గవళి అడ్డా గదే! పోలీసోళ్లను పంపుత. రూపాలి గూడ ఆన్నే దొరుకుతది."

"దొరికితే మీకు దొరుకుతది. నాకు ఆమె ఉరికొచ్చి నా కాళ్ల మీద పడాలె. జర సేపు ఆగుండ్రి సార్. నేను గడియారంతోటి మాట్లాడేదున్నది."

ఆమె షెడ్డులోకి తిరిగి వచ్చింది. గడియారం చేతికి కట్టుకుంది. శివన్నకు కన్ను గీటి, గొంతు పెంచింది.

"మామా, మిఠాయి పంచు! రూపాలమ్మ అనుకున్నట్టే చేసింది! ఉత్త మిరప గింజల్ని అంటగట్టి గవళిగాడి అడ్డాను ఊరందరికి సూపెట్టింది. పెద్దసార్ ఆమెకు మెడల్ ఇప్పిస్తడట."

శివన్న తక్కువవాడు కాదు. "మొదటికెళ్లి మన దిక్కే ఉన్నదా ఆమె?"

"మరేందనుకున్నవు? ఇప్పుడు వాని పక్కకే ఉన్నది. ఇంకొంచెంసేపైతే వాణ్ణి పట్టిచ్చి అస్తది."

అవతల నాయ్‌గావ్‌లో ఏం జరిగిందో తరువాత తెలిసింది. వినే యంత్రం మిల్లు ఆఫీసు గదిలో ఉంది. కన్నీళ్లు కార్చుకుంటూ గవళి దాని ముందే కూర్చుని ఉన్నాడు. రూపాలి మూలన కళ్లు తుడుచుకుంటుంటే, బస్తాలు ఎత్తుకొచ్చిన దొంగల్లో ఒకడు ఒక్కొక్క మాటా దగ్గుతూ తర్జుమా చేశాడు. మాట పూర్తికాకముందే రూపాలికి పరిస్థితి అర్థమైంది. ఆమె కిటికీలోంచి దూకేసరికి మొదటి తూటా కిటికీ చట్రానికి తగిలింది.

*

మధ్యాహ్నానికి రేక్‌కు ఇంజన్ తగిలించారు. బస్తాలన్నీ వ్యాగన్లలోకి చేరాయి. గార్డు ఆకుపచ్చ జెండా చుట్ట విప్పుతున్నాడు. స్టేషన్ మాస్టర్ గదిలో ఉమాకాంత్ ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కాగితం లేనిదే సిగ్నల్ ఆపనంటున్నాడు మాస్టర్.

మాల్‌ధక్కా గేటు గుద్దుకుని ఎర్ర కారు లోపలికి వచ్చింది. అందులోంచి దిగిన మనిషిని హమాలీలు ఎవరూ సినిమాతార అనుకోలేదు. కళ్లు వాచి, ముక్కు కారి, పట్టు కుర్తా నిండా బూడిద. అయినా గోదావరి వైపు తిన్నగానే నడిచింది.

"వహినీ! అబద్ధం చెప్పినవు! నేను మీ దిక్కు కాదని వానికి చెప్పు. ఒక్కసారి ఆ గడియారంల చెప్పు! వాడు నన్ను సంపుతడు!"

గోదావరి గడియారం ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుంది. రెండో చేతిలో పిస్టల్ ఉంది.

"మా దిక్కు కాదా?"

"కాదు! ఎప్పుడూ లేను!"

"ఇంటున్నవా మామా? పేరు ఖరాబైందట. బాగు చెయ్యమంటున్నది. నీకు మొదటికెళ్లి నామ్ పిచ్చే రూపాలమ్మా." గొంతు ఒక్కసారిగా కిందికి దిగింది. "బండి తలుపు కాడ ముసుగేసుకున్నది ఎవలు?"

రూపాలి ముఖం పక్కకు తిప్పుకుంది. అదే సరిపోయింది. గోదావరి వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. ఒక్క అంగుళం. అంతే చాలు. ప్లాట్‌ఫాం మీద అరిచిన జామపండ్ల అరుపులన్నింటికీ జవాబు ఆ అంగుళంలో ఉంది.

ఇంజన్ కూత వేసింది.

గేటు బయట ఇంకో బండి చప్పుడు. పాలవ్యాను. పక్కన పాలకుండ బొమ్మ, కిటికీలోంచి తుపాకి గొట్టం. రూపాలి వెనక్కి తిరిగి చూసి కట్టెలా బిగుసుకుపోయింది.

"జెల్ ఫొటోలు," అంది గోదావరి. "అసలువి. ఇస్తే లాకప్. ఇయ్యకపోతే గవళి. నాకు రెండూ సంతోషమే."

రూపాలి ఫోన్ తీసి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. తెరుచుకోలేదు. మళ్లీ పట్టుకుంది. తెరుచుకోలేదు. కొన్నవాడెవడో గానీ మంచి ఫోనే కొన్నాడు. మిరప పొగకు ఉబ్బిన ఆ ముఖాన్ని అది యజమానిగా ఒప్పుకోవడం లేదు.

"నంబరు కొట్టు!"

"కనవడ్త లేదు! కండ్లు కనవడ్త లేవు!"

గోదావరి ఫోన్ లాక్కుంది. "చెప్పు."

రూపాలి అంకెలు చెప్పింది. గోదావరి నొక్కింది. తప్పు అన్నది ఫోన్.

"మళ్ల చెప్పు. ఈసారి నిజం చెప్పు."

వ్యాగన్ల గొలుసులు ఒకదాని తరువాత ఒకటి బిగుసుకున్న చప్పుడు వచ్చింది. చక్రం కదిలింది. తూటా ఒకటి వచ్చి వాళ్ల వెనక గోడకు తగిలి సున్నం రాల్చింది. రూపాలి నేలమీద పడి, చెవులు మూసుకుని, అంకెలు గావుకేకలు పెట్టి చెప్పింది. ఫోన్ తెరుచుకుంది. ఫొటోలు. నల్లని పలకలు, వాటి మీద తెల్లని గీతలు, ప్రతి దాని కింద బస్తాల వరస నంబరు, సైరన్ అన్న పేరు. గోదావరి బొటనవేలు ఒక్కటే కదిలింది. అన్నీ చీఫ్‌కు చేరాయి.

అప్పటికే ఇంజన్ మాల్‌ధక్కా చివర దాటుతోంది. ఎదుట సిగ్నల్ ఆకుపచ్చగా వెలుగుతోంది.

ఎరుపు.

బ్రేకులు కీచుమన్నాయి. చావు నింపుకున్న రేక్ ఒళ్లంతా అదురుతూ నిలబడిపోయింది. ఆఖరి వ్యాగన్ ఇంకా షెడ్డు నీడలోనే ఉంది.

వ్యాను దిగిన గవళి గురిచూసి కాల్చాలనే అనుకున్నాడు. కానీ కళ్లనిండా నీళ్లు. మొదటిది తగరపు కప్పుకు, రెండోది తన వ్యాను టైరుకే తగిలింది. మూడోది కాల్చేలోగా శివన్న బస్తా కొక్కేన్ని అతని కోటు కాలరుకు తగిలించి వెనక్కి లాగాడు.

"గింత పెద్ద దొర, గిన్ని మిరప గింజలకు ఆగలేదేందిరో!" అన్నాడు శివన్న, అతని వీపు మీద కూర్చుని. "మా ఇంట్ల పిల్లలు గా కారం అన్నంల కలుపుకోని తింటరు."

*

ధర్మాబాద్ పోలీస్ స్టేషన్ లాకప్. రూపాలి ముఖం కడుక్కుంది. కళ్లలో మళ్లీ కొంచెం తెలివి మెరిసింది. చువ్వల దగ్గరికి వచ్చి గోదావరిని పిలిచింది.

"వహినీ. గవళి మనుషులు ప్రతి జైల్ల ఉన్నరు. నన్ను వేరే రాష్ట్రం జైలుకు రాయించుండ్రి. ఊరికే వద్దు. బదులు ఇస్త."

"ఏమిస్తవు? నీ దగ్గెర ఏమున్నది?"

"విలాస్ ఆఖరి మాట."

గోదావరి చువ్వల దగ్గరికి ఒక అడుగు వేసింది.

"బండి తలుపు కాడ, నేను మీద పడ్డప్పుడు, అన్నడు. నాకు తప్ప ఎవలకూ తెల్వదు. ఒక్క కాయితం మీద దస్తకత్ పెట్టిపియ్యి, చెప్తా."

ఆ మాట కోసం గోదావరి ఆ క్షణాన వరదలో గోదారినైనా ఈదేది. రాత్రులు ఆమెను నిద్రపోనివ్వనిది చావు కాదు. కిటికీ జరిగిపోవడం. ఒక్క మాట లేకుండా జరిగిపోవడం. ఆ మాట ఇప్పుడు చువ్వల అవతల, ఆ సెంటు మనిషి నోట్లో ఉంది. చెయ్యి చాపితే దొరుకుతుంది. ఆమె పెదవులు ఒకసారి విచ్చుకున్నాయి. రూపాలి ముఖం మీద గెలుపు కనబడింది, అదే చిరునవ్వు, దాణా దుకాణంలో గడియారం కట్టినప్పటిది.

గోదావరి పెదవులు మూసుకుంది.

"ఉంచుకో," అంది. "అమ్ముకునేందుకు గిరాకి దొరకదు నీకు. బతికినన్ని దినాలు లోపట్నే ఉంచుకోని ఇను."

కానిస్టేబుల్ చేతిలోంచి తాళంచెవి తీసుకుని తలుపుకు తానే తాళం వేసింది. రూపాలి పిలుస్తూనే ఉంది. గోదావరి వెనక్కి తిరిగి చూడలేదు.

బయట వేపచెట్టు కింద ఉమాకాంత్ జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు.

"అడుగక పోతివి అక్కా. ఏమన్నడో ఏమో. జీవితాంతం మనసుల పొడుస్తది గద."

"కొత్తగ ఏమంటడు సార్ ఆయన?" గోదావరి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పెండ్లైనకాడికెళ్లి ఏ బండెక్కినా, ఏ ఊరు పోయినా, ఆఖరుకు గదొక్కటే అడుగుతుండె. 'ఇంటికి తాళం గట్టిగ ఏసినవా?' అని."

ఉమాకాంత్ లాకప్ వైపు చూశాడు.

"ఏసిన," అంది గోదావరి జీపెక్కుతూ. "గుంజి గూడ సూసిన."